మూడో పొయ్యి

ఆ ఎండాకాలం మా ఇంట్లోకి కొత్తగా రెండు పొయ్యిలు వచ్చాయి. ఒకటి మేమే కొని తెచ్చుకున్నాం. రెండోది మాలో ఎవరినీ అడక్కుండా వచ్చింది.

కబురు మోసుకొచ్చింది మా తోడికోడలు. ఆమె చెప్పుల షాపులో పనిచేసేది. ఊళ్ళో ఏ సంగతైనా చెప్పులు తొడిగి చూసుకునేవాళ్ళ నోట ముందు ఆమె చెవిలో పడి, ఆ తర్వాతే మిగతా జనానికి తెలిసేది. ఆ సాయంత్రం భుజాన సంచీ తియ్యకుండానే వచ్చి నా కుట్టుమిషను పక్కన చతికిలబడింది. కడుపుతో ఉంది. కూర్చోవడం, లేవడం అప్పటికే ఆమెకు పెద్ద పనులు.

"అక్కా, పాత బస్సు డిపో తీసేస్తున్నారట. ఆ స్థలంలో మున్సిపాలిటీ వాళ్ళు ఇళ్ళు కట్టి మనలాంటివాళ్ళకి అందే అద్దెకిస్తారట."

"మనలాంటివాళ్ళంటే ఎవరు?"

"అదే తేల్చడానికి ఇంటింటికీ వస్తున్నారు. షాపుకొచ్చినావిడ చెప్పింది, వాళ్ళ వీధిలో అయిపోయిందట. మనుషుల్ని కాదక్కా, పొయ్యిల్ని లెక్కపెడతారట!"

నాకు నవ్వొచ్చింది. ఒడిలో ఎవరో డాక్టరుగారి హాలు కిటికీకి వెళ్ళాల్సిన తెర ఉంది. దాని అంచు మడుస్తూనే అడిగాను, "పొయ్యిలెందుకు?"

"ఒక పొయ్యి ఉంటే ఒక కుటుంబం. రెండుంటే రెండు. కుటుంబానికో ఇల్లు. మరి మనకెన్ని ఉన్నాయి?"

మాకున్నది ఒకటే. మాది మూడు గదుల అద్దె వాటా. వీధిగదిలో నా మిషను, తెరల గుడ్డల తానులు. పక్కగదిలో మా ఆయనా నేనూ, నర్సింగు హాస్టలు నుంచి వచ్చినప్పుడు మా అమ్మాయీ. మధ్యగది మరిదికీ తోడికోడలికీ. మధ్యగదికీ వంటింటికీ నడుమ ఉన్న నడవాలో అత్తయ్య మంచం. నడవాకి తలుపు లేదు, కిటికీ లేదు. మంచినీళ్ళు తాగాలన్నా, అన్నం తినాలన్నా, పెరట్లోకి వెళ్ళాలన్నా అందరం ఆ మంచం పక్కనుంచే నడిచేవాళ్ళం. మేం దాటడం, అత్తయ్య కాళ్ళు ముడుచుకోవడం ఎంత అలవాటైపోయాయంటే, ఆవిడ నిద్రలో కూడా అడుగుల చప్పుడికి కాళ్ళు ముడిచేది.

ఆ పూట అన్నాల దగ్గర పొయ్యి మాటే నడిచింది.

"ఇంకో పొయ్యి కొంటే పోలా?" అన్నాడు మరిది. వాడు షాపులకి బోర్డులు రాసేవాడు. బోర్డు మారిస్తే దుకాణం కొత్తదైపోతుందని వాడి నమ్మకం.

"అది అబద్ధం కదరా," అన్నాడు మా ఆయన. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఏ సంగతైనా రెండుసార్లు బిగించి చూసుకుంటేగాని వదలడు.

"అబద్ధమేముందన్నయ్యా? రేపు ఉయ్యాల కడితే ఆ గదిలో నేను గోడెక్కి పడుకోవాలి. ఎలాగూ వేరుగా ఉండాల్సినవాళ్ళమే. కాస్త ముందుగా ఉంటున్నాం, అంతే."

"మరి అమ్మో?"

"అమ్మ నీ దగ్గరే. పెద్దాడివి నువ్వు." అత్తయ్య వైపు తిరిగాడు. "అమ్మా, ఎవరైనా అడిగితే పెద్దాడి పొయ్యి మీద తింటానని చెప్పు. మర్చిపోకేం."

అత్తయ్య పళ్ళెంలోంచి తలెత్తకుండా "చూద్దాంలే" అంది.

అత్తయ్య 'చూద్దాంలే' అంటే మా ఇంట్లో సరేనని అర్థం. నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ అంతే.

*

ఆ వారంలోనే ప్లానింగు ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఎండకి మొహం కందిపోయి ఉంది. సంచీలోంచి స్టీలు టేపు తీసి, ఒక కొన నా చేతికిచ్చి, రెండో కొనతో గదులన్నీ తిరిగింది. టేపు జర్రుమని వెనక్కి చుట్టుకుపోతుంటే అత్తయ్య సరదాగా చూసింది. ఆ పూటనుంచే ఆవిడ నోట ఆ పిల్ల టేపమ్మాయి అయిపోయింది.

నాకు ఉండబట్టలేదు. "ఇళ్ళు కట్టడానికి స్థలం కొలవాలి గాని, మా గదులెందుకమ్మా కొలవడం?"

"ఎన్ని ఇళ్ళు కట్టాలో తెలియాలంటే, ముందు ఎంతమంది ఎంత ఇరుకులో ఉన్నారో తెలియాలి కదండీ. ఎన్ని ఒంటిగదివి, ఎన్ని రెండుగదులవి కట్టాలన్నది ఇక్కడే తేలుతుంది. అక్కడ డిపో దగ్గర కాదు."

"మరి పొయ్యిలో?"

"ఒకే కప్పు కింద పడుకున్నంత మాత్రాన ఒకే కుటుంబం అని చెప్పలేం. ఒక గిన్నెలోది తింటే మాత్రం ఒకటే అని మా లెక్క."

ఎంత వింతగా ఉందో, అంత నిజంగానూ అనిపించింది. ఎన్ని ఇళ్ళకి తెరలు కుట్టానో గాని, ఆ గదులు ఇంత వెడల్పుండాలనీ ఆ కిటికీలు అక్కడే రావాలనీ ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి ఉంటారని నాకెప్పుడూ తట్టలేదు. ఇంకా అడగాలనుకున్నాను. ఈలోపే మరిది అందుకున్నాడు.

"మేం వేరండీ! ఇదిగో మా పొయ్యి."

మధ్యగది మూల బల్ల మీద కొత్త పొయ్యి తళతళలాడుతోంది. తోడికోడలు దాని మీద ఒక గిన్నె కూడా పెట్టింది. టేపమ్మాయి పొయ్యినీ వాణ్ణీ చూసి, తలూపి రాసుకుంది.

"అమ్మమ్మగారూ, మరి మీరు? మీరు ఏ పొయ్యి మీద తింటారు?"

అత్తయ్య మంచం మీద కూర్చుని ఉంది. వంటింట్లో ఉన్న నా పొయ్యి వైపు చూసింది. మధ్యగదిలో ఉన్న కొత్త పొయ్యి వైపు చూసింది. మరిది ఆవిడకి కళ్ళతో సైగ చేస్తున్నాడు.

"నాది ఇంకా రాలేదమ్మా," అంది. "రేపు వస్తుంది."

టేపమ్మాయి పెన్ను ఆగింది. "అంటే మీరు వేరా?"

"వేరే."

టేపమ్మాయి అదీ రాసుకుంది. మరిది పొయ్యి నిజమంటూ, ఆవిడదే అబద్ధమని ఏ మొహం పెట్టుకుని చెప్తాం?

"కొన్ని ఇళ్ళకి మళ్ళీ వస్తామండీ," అంది టేపమ్మాయి వెళ్తూ. "చెప్పకుండా వస్తాం. భోజనాల వేళకి."

తలుపు మూశాక మా ఆయన నడవాలో నిలబడ్డాడు. "ఏం తక్కువ చేశామమ్మా నీకు?"

"తక్కువ చేశారని ఎవరన్నార్రా?"

"మరి అందరి ముందూ వేరు అంటే జనం ఏమనుకుంటారు?"

"మీ తమ్ముడు వేరంటే ఏమీ అనుకోలేదుగా. నేనంటేనే అనుకుంటారా?" అని లేచి, చెప్పులేసుకుని, ఆ ఎండలోనే బయటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చంకలో చిన్న కరెంటు పొయ్యి. దాన్ని మంచం కాళ్ళవైపు ముక్కాలిపీట మీద పెట్టుకుని, చీర కొంగుతో తుడిచి, మరిదిని పిలిచి "దీనికి వైరు లాగరా" అంది.

వాడు నోరు మూసుకుని వైరు లాగాడు.

*

ఇక మా తిప్పలు మొదలయ్యాయి. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి రెండు పూటలా మూడు పొయ్యిలూ వెలగాలి. నా వంటింట్లో ఒక పోపు, మధ్యగదిలో ఒక పోపు, నడవాలో ఇంకో పోపు. వీధిగదిలో తెరలకి ఆ ఘాటంతా పట్టేసింది. డాక్టరుగారి భార్య తెర వాసన చూసి, "మీ ఇంట్లో ఏమైనా పెళ్ళా?" అని అడిగింది.

తోడికోడలికి ఆ రోజుల్లో పోపు వాసనే పడేది కాదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని కూరలో గరిటె తిప్పేది. మరిది రుచి చూసి "బాగుంది" అనేవాడు. అంటూనే గిన్నె పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాడు. "వదినా, నీ దాంట్లోంచి ఒక గరిటెడు."

"వేరుకాపురం కదా నాయనా?"

"వేరే వదినా. పక్కింటివాళ్ళు కూర ఇచ్చిపుచ్చుకోరా ఏమిటి?"

అత్తయ్యకి కూడా ఒక గిన్నెలో పట్టుకెళ్ళాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దమ్మా. టేపమ్మాయి వస్తే?"

"తలుపు కొడితే గిన్నె తీసేద్దాం అత్తయ్యా."

"వద్దులే. నాదైపోయింది."

పళ్ళెంలో చూశాను. ఒక గుడ్డు, దాని మీద నల్లగా మిరియాల పొడి. మా ఆయనకి మిరియాలు పడవు. అందుకని మా ఇంట్లో మిరియాల డబ్బా అనేదే లేదు. ఎవరు చెప్పారు నాకు ఆ సంగతి? అత్తయ్యే. పెళ్ళయిన కొత్తలో వంటింట్లో నిలబెట్టి, "మా వాడికి మిరియాలు పడవు, గుర్తుపెట్టుకో" అంది. ఆవిడకి ఇష్టమని మాత్రం చెప్పలేదు.

ఆ తర్వాత నేను ఆవిడ వంటని ఓ కంట కనిపెడుతూ వచ్చాను. దొంగతనంగా కాదు, ఆ నడవాలోంచి దాటకుండా ఎవరికీ రోజు గడవదు కదా. అన్నం మెత్తగా కాకుండా పలుకుగా వండుకునేది. టీలో పంచదార వేసుకునేది కాదు. పొద్దున తొమ్మిదికల్లా వంట ముగించి, మధ్యాహ్నం మేం తినే వేళకి మంచం మీద వెల్లకిలా పడుకుని, కాలు మీద కాలేసుకుని ఊపుకుంటూ ఉండేది. ఇన్నేళ్ళలో ఆవిడ కాలు ఊపడం నేను చూడలేదు.

ఒకరోజు అడిగేశాను. "అత్తయ్యా, నిజం చెప్పండి. ఇదంతా టేపమ్మాయి కోసమా? ఇల్లొస్తే నిజంగానే ఒక్కరూ ఉంటారా?"

ఆవిడ పొయ్యి మీద పొంగిన మరకని పీచుతో రుద్దుతోంది.

"ఆ పిల్ల అడిగింది, చెప్పాను," అంది. కాసేపు రుద్ది, "అంతకు ముందెవరూ అడగలేదు," అంది. అందులో నిష్ఠూరం లేదు. మరక వదల్లేదని చెప్పినట్టే చెప్పింది.

*

టేపమ్మాయి మళ్ళీ వచ్చిన మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కదలడం లేదు. ఎండకి తలుపు బార్లా తీసి పెట్టాం. అందుకే తలుపు చప్పుడు వినపడలేదు.

ఆమె నేరుగా నడవా దాకా వచ్చేసరికి మరిదీ తోడికోడలూ నా వంటింట్లో, నా పీటల మీద కూర్చుని, నా గిన్నెలోంచి అన్నం కలుపుకుంటున్నారు. మరిది చేతిలో ముద్ద నోటికీ పళ్ళేనికీ మధ్య ఆగిపోయింది.

"ఇవాళే... గ్యాసు అయిపోయిందండీ," అన్నాడు.

టేపమ్మాయి మధ్యగదిలోకి వెళ్ళింది. కొత్త పొయ్యి ఒక బర్నరు మీద షాపువాడు అంటించిన కాగితం ఇంకా అలాగే ఉంది. ఆమె దాన్ని గోటితో గీకి చూసి, నడవాలోకి వచ్చింది. ముక్కాలిపీట మీద అత్తయ్య పొయ్యి చుట్టూ పొంగిన మరకలు, పక్కన మిరియాల డబ్బా, కడిగి బోర్లించిన ఒకే ఒక్క పళ్ళెం. దాని ముందు మాత్రం ఆమె కాస్త ఎక్కువసేపు నిలబడింది.

"అన్నదమ్ములిద్దరిదీ ఒకటే కుటుంబం. అమ్మమ్మగారిది ఒకటి," అని రాసుకుంది.

తోడికోడలు ఎంగిలి చేత్తోనే లేచొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "అలా రాసేస్తే ఎలాగండీ? నాకు పుట్టబోయేవాళ్ళని ఎక్కడ పడుకోబెట్టను? మీరే కొలిచారుగా ఆ గది!"

"కూర్చోండి ముందు," అంది టేపమ్మాయి. తనూ అత్తయ్య మంచం మీద కూర్చుంది. "అబద్ధం ఎందుకు చెప్పారండీ? ఆ రోజు నా తర్వాతి ప్రశ్నే అది. 'ఒకే పొయ్యి మీద తింటున్నా, ఇల్లు దొరికితే వేరుగా ఉండాలనుకునేవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా' అని. అలాంటివాళ్ళకీ లెక్క ఉంది. చోటు లేక కలిసి ఉండేవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమందో! వాళ్ళని లెక్కలోకి తీసుకోకపోతే ఇక మా ప్లానెందుకు? నేను ఆ ప్రశ్న అడిగేలోపే మీరు పొయ్యి చూపించారు. ఇప్పటికే వేరుగా ఉన్నవాళ్ళని అది అడగం."

మరిది చేతి మీద అన్నం ఎండిపోతోంది. "ఇప్పుడు అడగొచ్చుగా?" అన్నాడు మెల్లగా.

"వేరుగా ఉండాలనుకుంటున్నారా?"

"అనుకుంటున్నామండీ," అన్నారిద్దరూ, బళ్ళో హాజరు పలికినట్టు.

అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. టేపమ్మాయి కూడా ఆపుకోలేకపోయింది. వెళ్ళబోతూ ఆవిడ వైపు తిరిగి, "అమ్మమ్మగారూ, ఇల్లు వస్తుందని మాటివ్వలేను. ఏ రకంవి ఎన్ని కావాలో తేలుతుంది, అంతే. ఎవరికన్నది చీట్లు వేసి తీస్తారు," అంది.

"రాకపోతే పోనీలే," అంది అత్తయ్య. "లెక్కలో ఉన్నానుగా."

*

ఎండలు కాస్త తగ్గుముఖం పట్టాక ప్లాను తయారైందని, అభ్యంతరాలుంటే వచ్చి చెప్పమని ప్రకటన వచ్చింది. బడి హాల్లో గోడల నిండా మ్యాపులు అంటించారు. మా ఆయన రానంటే రానన్నాడు. ఆ పొయ్యి వచ్చినప్పటినుంచీ వాళ్ళమ్మతో ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. తీరా మేం బయల్దేరేసరికి చొక్కా మార్చుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

హాల్లో గోలగోలగా ఉంది. డిపో పక్క మేడలవాళ్ళు తమకి గాలి ఆగిపోతుందన్నారు. బస్సులు ఎక్కడ నిలుపుతారని ఒకాయన బల్ల గుద్దాడు. ఇన్ని ఒంటిగది ఇళ్ళెందుకు, ఆ స్థలంలో పెద్దవి కడితే కుటుంబాలకి పనికొస్తాయిగా అని ఇంకొకాయన.

"ఈ వార్డులో ఒంటరిగా ఉంటున్నవాళ్ళు, ఉండాలనుకుంటున్నవాళ్ళు మేం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ తేలారండీ," అంది టేపమ్మాయి. "అందులో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్ళు."

నేను చుట్టూ చూశాను. మా వీధి చివరి మిల్లు ముసలావిడ, చాకిరేవు పక్కింటి పెద్దమ్మ, ఇంకా ముఖపరిచయం ఉన్నవాళ్ళు ఎంతమందో వరసగా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. అత్తయ్య వాళ్ళ మధ్య కూర్చుని ఎవరికో ఏదో చెప్పి నవ్విస్తోంది. వీళ్ళందరి ఇళ్ళల్లోనూ ఈ ఎండాకాలం ఒక్కో ముక్కాలిపీట మీద ఒక్కో చిన్న పొయ్యి వచ్చిందా? అడగాలని నా నాలుక చివర దాకా వచ్చింది.

అప్పుడు లేచాడు మా ఆయన. నలుగురిలో మాట్లాడే అలవాటు లేని మనిషి, కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు.

"నేను లిఫ్టు మెకానిక్కునండీ. ఆ ఒంటిగది ఇళ్ళని అంత పైన పెట్టడం బాగోలేదు. ముసలివాళ్ళు. లిఫ్టు అన్నాక ఆగుతుంది. కింద పెట్టండి."

"కిందే ఉన్నాయండీ," అంది టేపమ్మాయి. "మీరు చూస్తున్న మ్యాపులో పైన ఉన్నది ఉత్తరం. పై అంతస్తు కాదు."

హాలంతా గొల్లుమంది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా కూర్చోలేదు.

"కిందే అయితే మంచిదే," అన్నాడు. "మా అమ్మ ఒక్కతే ఉంటుంది. అందుకని అడిగాను."

అత్తయ్య నవ్వు ఆగింది. వెనక్కి తిరిగి కొడుకుని చూసి, మళ్ళీ ముందుకి తిరిగి, కొంగు సర్దుకుంది.

*

తొలకరికి ముందు ఆదివారం డిపో ఖాళీ నేల మీద సున్నంతో ఇళ్ళు గీశారు. కాగితం మీద చూస్తే ఎవరికీ ఏమీ తెలియడం లేదని, గదులు అసలు కొలతల్లో నేల మీదే గీసి, జనాన్ని వచ్చి నడిచి చూసుకోమన్నారు. తెల్లటి గీతలు, తలుపులున్న చోట ఖాళీలు, కిటికీలున్న చోట జంట గీతలు. జనం గీతల మధ్య తిరుగుతూ, లేని గోడల్ని తడిమి చూస్తున్నట్టు చేతులు చాపుతూ, ఇక్కడ మంచం, ఇక్కడ బీరువా అని వాదించుకుంటున్నారు.

"ఇంత చిన్నగా ఉన్నాయేమిటి?" అన్నాను టేపమ్మాయితో.

"పైన ఆకాశం ఉంది కదండీ, అందుకే. గోడలు లేస్తే పెద్దగా కనిపిస్తాయి. ఎక్కడ గీసినా జనం ఇదే అంటారు."

మరిది రెండుగదుల ఇంట్లో ఉయ్యాల ఎక్కడ కట్టాలో చూస్తూ, కట్టని దూలం వైపు చెయ్యెత్తి నిలబడ్డాడు. తోడికోడలు "అక్కడ వద్దు, ఎండ పడుతుంది" అని వాడితో తగువు పెట్టుకుంటోంది. మా ఆయన మెట్లు గీసిన చోట కూర్చుని లిఫ్టు గుంత లోతు ఎంతని ఎవరినో నిలదీస్తున్నాడు.

అత్తయ్య కోసం వెతికాను. ఆ చివర, చిన్న ఇళ్ళ వరసలో ఉంది. ఇంటినుంచి ముక్కాలిపీట తెచ్చుకుంది. దాన్ని ఒక ఒంటిగది మధ్యలో వేసుకుని, రెండు కాళ్ళూ బారగా చాపుకుని కూర్చుంది.

ఆ కిటికీ జంటగీతల వెడల్పు చూడగానే నా చేతులు ఊరుకోలేదు. దానికి ఎంత గుడ్డ పడుతుందో మనసులో లెక్క వేసుకుంటూ, కుచ్చులు పెట్టాలా వద్దా అడుగుదామని గబగబా నడిచాను. సున్నం గీత దాటి, ఆవిడ చాపిన కాళ్ళ పక్కనుంచి లోపలికి అడుగు వేశాను. ఆవిడ కాళ్ళు ముడుచుకోలేదు.

"అది గోడమ్మా," అంది. "తలుపు అటుంది."

నేను ఆగిపోయాను. నా చెప్పు కింద గీత కాస్త చెరిగింది. వంగి, వేళ్ళతో సున్నం కూడదీసి సరిచేసి, చుట్టూ తిరిగి వెళ్ళి ఆ ఖాళీ ముందు నిలబడ్డాను.

ఆవిడ కాసేపు నన్ను అలాగే చూసింది. కాలు మీద కాలేసుకుంది.

"రా," అంది.